సీసా మాన్పించి గ్లాసు పట్టించాలంటే ముందు ఏ సీసా దేనికో చూసుకోండి

గ్లాసుతో తాగడం నేర్పడం ఒక పని, పాలసీసా మాన్పించడం ఇంకో పని. రెండూ ఒకటే అనుకుని నేను దాదాపు రెండు నెలలు నానా తంటాలు పడ్డాను. మా వాడు ఏడాది దాటేసరికే నీళ్ళు గ్లాసుతో గటగటా తాగేసేవాడు, పాలు మాత్రం సీసాలో ఉంటేనే పాలు, అవే గ్లాసులో పోసి ఇస్తే కషాయం చూసినట్టు మూతి తిప్పేసుకునేవాడు. అంటే చేతకాక కాదు. వాడికి సీసా అంటే నిద్ర, అమ్మ ఒడి, టీవీ ముందు కూర్చోవడం, ఏమీ తోచనప్పుడు కాలక్షేపం, అన్నీ అదే. ఆ సంగతి బుర్రకెక్కాక మూడున్నర వారాల్లో పని అయిపోయింది. అందుకే ఆ వరసలోనే చెప్తాను, మీరన్నా నాలాగా రకరకాల సిప్పర్ల మీద డబ్బులు తగలేయకుండా ఉంటారు.

మాది నెల్లూరు, ఉండేది చెన్నైలో, పెరుంగుడి వైపు. మొదలుపెట్టినప్పుడు వాడికి 17 నెలలు. రోజుకి 240 మి.లీ. సీసాలు ఐదు, అంటే లీటరు పైమాటే, ఇక అన్నం ఎక్కడ తింటాడు? రెండు ముద్దలకే నోరు బిగించేసేవాడు, మేమేమో "అన్నం ఎలాగూ తినట్లేదు, పాలన్నా తాగనీ" అని ఇంకో సీసా కలిపేవాళ్ళం. ముఖం పాలిపోయినట్టుందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. డాక్టరుగారు ఐరన్ చుక్కలు రాసి, ముందు ఆ పాలు సగానికి తెమ్మన్నారు, సీసా ఉన్నంతకాలం సగానికి రావు కాబట్టి సీసానే తీసేయమన్నారు.

పాలలో ఐరన్ లేనట్టే లెక్క. పైగా పాలతో పొట్ట నిండిపోతే ఐరన్ ఉన్న తిండికి చోటుండదు, పాలలోని కాల్షియం ఆ తిన్న కాస్త ఐరన్‌ని కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందరిదీ పాలవల్లే అని కాదు, కానీ పాలు ఎక్కువ తాగే పిల్లాడు బలంగా ఉంటాడనే మన నమ్మకం మాత్రం పక్కన పెట్టాలి. ఏడాది దాటిన పిల్లలకి రోజుకి 400, మహా అయితే 500 మి.లీ. చాలు.

ఇక పళ్ళు. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలు రాత్రంతా పై ముందుపళ్ళ చుట్టూ నిలుస్తాయి, నిద్రలో ఉమ్మి కూడా తక్కువ ఊరుతుంది, ఆ పళ్ళు ముందు చిగురు దగ్గర తెల్లటి గీతల్లా మొదలై తర్వాత గోధుమరంగుకి తిరిగి పుచ్చిపోతాయి. కింది పళ్ళకి నాలుక అడ్డం ఉంటుంది కాబట్టి అవి బాగానే కనిపిస్తాయి, దాంతో మనం ఆలస్యంగా గమనిస్తాం. ఒకసారి పిల్లాడి పైపెదవి ఎత్తి చూడండి. పడుకుని తాగే పిల్లలకి చెవిపోటు కూడా ఎక్కువసార్లు వస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, ఘనాహారం మొదలుపెట్టే ఆరో నెల దగ్గరే గ్లాసులో గుక్కెడు నీళ్ళు అలవాటు చేసి, 12 నుంచి 18 నెలల మధ్య సీసా పూర్తిగా ఆపేయాలని పిల్లల డాక్టర్లు చెప్తారు. నిజానికి మన దేశంలో అసలు సీసానే వద్దంటారు. టీవీలో పాలసీసా ప్రకటన ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు, 1992లో వచ్చిన చట్టం ప్రకారం పాలసీసాలకీ పసిపిల్లల పాలపొడి డబ్బాలకీ ప్రకటన ఇవ్వకూడదు, ఆ డబ్బాల మీద పసిపాప బొమ్మ కూడా వేయకూడదు. ఇది తెలిసినప్పుడు నాకు కొంచెం గిల్టీగా అనిపించింది కానీ అప్పటికే ఇంట్లో ఏడు సీసాలున్నాయి, కాబట్టి ఆ గొడవ వదిలేసి పనిలోకి దిగుదాం. ఇదంతా సీసా గురించే, తల్లిపాల గురించి కాదు. తల్లిపాలు రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వొచ్చు.

మొదటి పని: కాగితం మీద రాయండి

మూడు రోజులపాటు ఏ సీసా ఎన్ని గంటలకి, ఎన్ని మి.లీ., ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని రాసుకోండి. ఎందుకు అన్నదే ముఖ్యం. నాది ఇలా వచ్చింది. పొద్దున ఆరున్నరకి లేవగానే, ఇది నిజంగా ఆకలి. పదింటికి, ఇది ఆకలి కాదు, ఆ టైముకి నాకు ఆఫీసు కాల్ ఉంటుంది, వాడు కదలకుండా ఉండాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి నిద్ర కోసం. సాయంత్రం ఐదింటికి, ఇది అత్తయ్య ముచ్చట కోసం, మనవడు ఒళ్ళో పడుకుని తాగుతుంటే ఆవిడకి సంబరం. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ నిద్ర కోసం. ఐదింటిలో ఆకలిది ఒక్కటే! మధ్యాహ్నపు సీసా ఎక్కడ అంటుకుందో కూడా అప్పుడే గుర్తొచ్చింది, అంతకుముందు రెండు నెలలు వేసిన ఒక క్రెచ్‌లో అందరి నోట్లో తలో సీసా పెట్టి వరసగా పడుకోబెట్టేవాళ్ళు, నేను చూసి కూడా "పోనీలే నిద్రపోతున్నాడు" అనుకున్నాను.

రాసుకున్నాక వరస అదే తేలుతుంది. మన సౌకర్యం కోసం ఇచ్చేది ముందు తీసేయాలి, తర్వాత ముచ్చటది, తర్వాత ఆకలిది, నిద్రవి ఆఖర్న. చాలామంది రాత్రి సీసాతోనే మొదలుపెట్టి మూడో రోజుకి చేతులెత్తేస్తారు.

రెండో పని: గ్లాసు

కొత్తగా కొనేముందు బీరువా తెరిచి చూడండి. అన్నప్రాశనకి వచ్చిన వెండి గ్లాసు గుడ్డలో చుట్టి ఉంటుంది, అది సరిగ్గా పిల్లాడి చేతికి సరిపోయే సైజు. అది లేకపోతే చిన్న స్టీలు గ్లాసు, చెన్నైలో కాఫీ టంబ్లర్ అంటారే, అందులో అన్నిటికన్నా చిన్నది. టీ నగర్ రంగనాథన్ వీధిలోనే కాదు, ఏ పేటలో పాత్రల కొట్టుకి వెళ్ళినా దొరుకుతుంది, అంచు బయటికి కొంచెం వంగి ఉండాలి, ఆ అంచు కింది పెదవి మీద కూర్చుంటే పాలు గడ్డం మీదుగా కారవు. అంచుని వేలితో చుట్టూ తడిమి చూసి కొనండి, చౌకవాటికి గరుకు ఉంటుంది. ఒక జాగ్రత్త, వెండి గానీ స్టీలు గానీ పాల వేడికి అంచు దాకా కాలుతుంది, పాలు గోరువెచ్చగా ఉన్నా సరే మీ పెదవికి ఆనించి చూశాకే ఇవ్వండి.

ఒలకని సిప్పర్లు ఉంటాయే, మూతలో రబ్బరు బిళ్ళ ఉండి చప్పరిస్తేనే వచ్చేవి, అవి నాకు నచ్చవు. అవి పేరు మార్చుకున్న సీసాలే, పిల్లాడు చప్పరించడమే చేస్తాడు, ఆ రబ్బరు బిళ్ళ కింద పాలు పేరుకుని నల్లటి బూజు కూడా పడుతుంది. నేను మూడు కొన్నాను, మూడూ అటకెక్కాయి. బయటికి వెళ్ళేటప్పుడు స్ట్రా ఉన్న కప్పు పనికొస్తుంది, దానికి సన్నటి బ్రష్ విడిగా కొనుక్కుని రోజూ కడగాలి.

మన పాత ఇళ్ళలో ఉగ్గుగిన్నె ఉండేది, ముక్కు ఉన్న చిన్న వెండి గిన్నె. తమిళులు సంగు, పాలాడై అంటారు, నెల తక్కువ పిల్లలకి ఆసుపత్రుల్లో ఇప్పటికీ దాంతోనే పాలు పోస్తారు. అంటే పుట్టిన వారానికే సీసా లేకుండా పెంచిన వాళ్ళం మనం. కానీ ఏడాదిన్నర పిల్లాడికి ఉగ్గుగిన్నె వద్దు, అది మనం పోసేది, వాడు తాగేది కాదు.

మూడో పని: పట్టించే పద్ధతి

వెన్ను నిటారుగా, కాళ్ళు కింద ఆనేలా కూర్చోబెట్టండి. ఒళ్ళో వెనక్కి వాలి ఉంటే పొలమారుతుంది. గ్లాసులో రెండు చెంచాల పాలే పోయండి, నిండుగా పోస్తే వాడు వంచేటప్పుడు ముఖం మీద పడతాయి, దాంతో గ్లాసంటేనే భయం పట్టుకుంటుంది. అంచు కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలే దాకా వంచి ఆగండి. అంతే, ఆగండి. నోట్లో పోయకండి, వాడే పైపెదవి ముందుకి తెచ్చి లోపలికి లాక్కుంటాడు, ఒక గుటక పడ్డాక గ్లాసు దించండి. వాడి రెండు చేతులూ గ్లాసు మీద, మీ చెయ్యి అడుగున. పొలమారితే కంగారుపడి వీపు మీద బాదకండి, ముందుకి వంచి దగ్గనివ్వండి, రెండు నిమిషాల తర్వాత మళ్ళీ. మొదట్లో సగం ఒలికిపోతాయి, అందుకే మొదటి వారం నీళ్ళతో నేర్పించడం మంచిది, నీళ్ళు తాగడం నేర్చుకునే రోజుల్లో మా వాడిని బాల్కనీలో టబ్బులో కూర్చోబెట్టి కేను నీళ్ళు ఓ చిన్న గిన్నెలో పోసి వదిలేసేదాన్ని, అరగంట అటూ ఇటూ పోసుకుంటూ తాగడం వాడే నేర్చుకున్నాడు.

మా ఇంట్లో అసలు పనిచేసింది మాత్రం డవరా, అదే కాఫీ చల్లార్చుకునే వెడల్పు గిన్నె. మా ఆయన పొద్దున కాఫీ డవరాలోకీ టంబ్లర్‌లోకీ మార్చి మార్చి పోసి నురగ తెప్పించుకుని తాగుతారు, వాడు రోజూ కళ్ళప్పగించి చూసేవాడు. ఒకరోజు వాడి పాలు కూడా అలాగే చిన్న డవరా టంబ్లర్‌లో పైనుంచి పోసి, నురగతో వాడి ముందు పెట్టి, ఏమీ అనకుండా మా పనిలో మేమున్నాం. ముందు నురగ వేలితో నాకాడు, తర్వాత గ్లాసెత్తి నాన్న వైపు చూస్తూ ఒక గుక్క, మీసం వచ్చింది, ఇద్దరూ నవ్వుకున్నారు. తాగు తాగు అని బతిమాలినన్నాళ్ళూ తాగనిది, ఎవరూ పట్టించుకోకపోతే తాగాడు. ఇప్పుడు మాత్రం కాఫీ కావాలని పేచీ పెడుతున్నాడు, అది వేరే కథ. కాఫీ ఒక్క చుక్క కూడా పోయకండి.

స్ట్రా నేర్పాలంటే, స్ట్రా నీళ్ళలో ముంచి పై చివర వేలితో మూసి పైకి తీయండి, కొద్దిగా నీళ్ళు అందులోనే నిలుస్తాయి, అవతలి చివర పిల్లాడి పెదవుల మధ్య పెట్టి వేలు తీస్తే నోట్లో పడతాయి. నాలుగైదుసార్లు అలా చేశాక వాడే పీల్చడం మొదలుపెడతాడు. మేం ఇది బెసెంట్ నగర్ బీచ్ దగ్గర ఇళనీర్ (కొబ్బరిబోండాల) బండి పక్కన నేర్పాం. తమిళనాడులో 2019 జనవరి నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కదా, బండాయన పేపర్ స్ట్రా ఇస్తే మా వాడు మొదటిసారి నమిలేశాడు. సిలికాన్ స్ట్రా ఒకటి బ్యాగులో పడేసుకుని వెళ్ళండి.

నాలుగో పని: ఒక్కో సీసా తీయడం

పదింటి సీసా తీసేశాను, దాని బదులు గ్లాసులో పాలు కూడా ఇవ్వలేదు, అది ఆకలిది కాదు కాబట్టి. ఆ టైముకి సగం ఇడ్లీ, లేదా అరటిపండు ముక్కలు ఇచ్చి, నా కాల్ అరగంట వెనక్కి జరిపించుకున్నాను. వాడు అడిగింది రెండు రోజులే. సీసా కనబడకపోతే గుర్తు రాదు, అందుకని వంటగట్టు మీద బోర్లించే సీసాలన్నీ పై అల్మారాలోకి మార్చేయండి.

ఒకటి తీశాక నాలుగైదు రోజులు ఆగి రెండోది. మా ఐదింటిది తీయడం పిల్లాడితో కాదు, పెద్దావిడతో పేచీ. "పసివాడే, సీసాడు పాలకి ఏమైపోతుందమ్మాయ్, మీ ఆయన మూడేళ్ళ దాకా తాగాడు" అంది అత్తయ్య. వాదించి లాభం లేదు. నేను ఆఫీసు గదిలో తలుపేసుకుని ఉంటే అవతల ఆవిడ దిండు కింద సీసా పెట్టుకుని ఇచ్చేస్తోందని తర్వాత తెలిసింది. చివరికి రక్తపరీక్ష కాగితం చూపించి, "అత్తయ్యా, మీరు పెట్టిన వెండి గ్లాసుతోనే తాగించాలి, ఆ డ్యూటీ మీదే, నేను ఇస్తే తాగడం లేదు" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆ రోజు నుంచి ఐదింటికి ఆ గ్లాసు తోమి, మెరిపించి, ఒళ్ళో కాకుండా పక్కన పీట వేసి కూర్చోబెట్టి ఆవిడే పట్టించింది. పక్కింటి పాట్టి (తమిళ బామ్మ) కూడా వచ్చి "ఒరే ఒరు వాయ్ కణ్ణా", అంటే ఒకే ఒక్క గుక్క నాన్నా, అని తోడయ్యేది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఆయా అక్కో ఎవరుంటే వాళ్ళకి మొదలుపెట్టే ముందే చెప్పండి. ఒక్కరు దొంగచాటుగా ఇచ్చినా, ఎక్కువసేపు ఏడిస్తే సీసా వస్తుందని పిల్లాడు నేర్చుకుంటాడు.

పొద్దున సీసా తేలిక. లేవగానే పాలు ఇవ్వకుండా ముఖం కడిగి, ముందు టిఫిన్ పెట్టి, దానితోపాటు గ్లాసులో 120 మి.లీ. పాలు. అంతే.

ఐదో పని: నిద్ర సీసాలు

ఇక్కడే ఓపిక కావాలి. నేను చేసిన పెద్ద తప్పు గ్లాసునీ నిద్రనీ ఒకే రాత్రి మార్చడం, మంచం మీద సీసా అడిగినవాడికి గ్లాసు ఇస్తే అది విసిరేసి గుక్కపట్టి ఏడ్చాడు, దుప్పటి మార్చుకున్నాం, మళ్ళీ సీసాకే వచ్చాం. అందుకని ముందు చోటు మార్చండి, గ్లాసు తర్వాత. మొదటి ఐదు రోజులు సీసానే ఇవ్వండి, కానీ మంచం మీద కాదు, పడుకునే అరగంట ముందు, హాల్లో, లైటు వేసి, కూర్చోబెట్టి. అది అయ్యాక పళ్ళు తోమాలి, మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. పడకగదిలోకి వెళ్ళాక జోలపాటో, బొమ్మల పుస్తకమో, వీపు నిమరడమో, ఏదో ఒకటి పెట్టుకుని రోజూ అదే చేయండి. మా వాడు మొదటి రాత్రి 40 నిమిషాలు ఏడ్చాడు, నేను పక్కనే పడుకుని వీపు నిమురుతూనే ఉన్నాను. రెండో రాత్రి పావుగంట. మూడో రాత్రి కాసేపు గొణిగి పడుకున్నాడు. నిద్రకి సీసా అక్కర్లేదని కుదురుకున్నాకే హాల్లో ఇచ్చే సీసాని గ్లాసుగా మార్చాను, అప్పుడు పెద్ద గొడవే లేదు.

మధ్యాహ్నం నిద్రకి కూడా ఇదే, భోజనం పెట్టేశాక ఇక పాలెందుకు, కడుపు నిండే ఉంటుంది.

అర్ధరాత్రి లేచి అడిగే పిల్లలుంటారు. ఏడాది దాటి, బరువు సరిగ్గా పెరుగుతున్న పిల్లలకి అది ఆకలి కాదు, అలవాటు. రెండు రాత్రులకోసారి 30 మి.లీ. చొప్పున తగ్గించుకుంటూ రండి, 60కి వచ్చాక ఆపేసి మంచం పక్కన గ్లాసులో నీళ్ళు పెట్టండి. పాలలో రోజుకింత నీళ్ళు కలుపుతూ పలచన చేసే పద్ధతి కూడా కొందరు చేస్తారు, ఏడాది దాటి మామూలు పాలు తాగే పిల్లలకి నాలుగైదు రోజులపాటు పర్వాలేదు. ఏడాది లోపు పిల్లల పాలపొడిలో మాత్రం డబ్బా మీద రాసినదానికన్నా ఒక్క చుక్క నీళ్ళు ఎక్కువ కలపకూడదు, ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ఆ వయసులో ప్యాకెట్ పాలకి మార్చేయడం కూడా వద్దు, అవే పాలపొడి పాలు కప్పులో పట్టించండి.

పాలే మానేస్తే?

చాలామంది పిల్లలు వారం పది రోజులు పాలు బాగా తగ్గించేస్తారు. మా వాడు నాలుగు రోజులు రోజుకి 100 మి.లీ. కూడా తాగలేదు. మా అమ్మ నెల్లూరు నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్. ఆ టెన్షన్‌లో మళ్ళీ సీసా చేతికివ్వకండి. పెరుగన్నం పెట్టండి, పనీర్ ముక్కలు వేయించి ఇవ్వండి, రాగిజావ పాలతో కాచండి, 100 గ్రాముల రాగుల్లో 340 మి.గ్రా. పైనే కాల్షియం ఉంటుంది, అదే 100 మి.లీ. పాలలో 120 దాకానే. పాలు తగ్గిన వారం నుంచే మా వాడు పప్పన్నం గిన్నెడు తినడం మొదలుపెట్టాడు, అది చూశాక మా అమ్మ ఫోన్లు తగ్గాయి. ఐరన్ మందు రాసి ఉంటే పాలతో కలిపి వేయకండి, కమలారసంతో వేస్తే బాగా పడుతుంది.

గ్లాసులో తాగాలని చక్కెర, చాక్లెట్ పొడులు కలపకండి, ఒకసారి కలిపితే తెల్లపాలు ఇక ముట్టడు. రెండేళ్ళ లోపు కొవ్వు తీసిన పాలు వద్దు. ఆవిన్ (తమిళనాడు సహకార సంస్థ) పాలు తెప్పించుకునేవాళ్ళయితే నీలం ప్యాకెట్ కన్నా ఆకుపచ్చదాంట్లో కొవ్వు ఎక్కువ, ఏది పోసినా మొత్తం 500 దాటకుండా చూసుకుంటే చాలు.

కాకి ఎత్తుకుపోయింది అనొద్దు

సీసా పీకకి వేపాకు పసరు, కాకరరసం, కారం రాయమని చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వద్దు. పీక చివర కత్తిరించమంటారు, అది ఇంకా ప్రమాదం, కొరికితే ముక్క ఊడి గొంతులో పడుతుంది. కారం, పసరు నేను రాయలేదు కానీ ఆఖరి రోజు "సీసా కాకి ఎత్తుకుపోయింది నాన్నా" అన్నాను, మనకి నోటికొచ్చే మాట అదే కదా. తర్వాత తెలిసింది నా తెలివి. పక్కింటి పాట్టి రోజూ మధ్యాహ్నం కాకికి అన్నం పెట్టాకే తను తింటుంది, ఆ కాకిని చూపిస్తూ మా అత్తయ్య వీడికి ముద్దలు పెట్టేది. ఆ రోజు నుంచి కాకి వాలగానే వీడు బాల్కనీ కమ్మీలు పట్టుకుని "కాకీ, పాలు! కాకీ, పాలు!" అని ఏడుపు, అన్నం ముద్ద నోట్లోనే ఉండిపోయేది. పది రోజులు లోపల కూర్చోబెట్టి పెట్టాల్సి వచ్చింది. ఆ వయసుకి "సీసాలు అయిపోయాయి, ఇప్పుడు గ్లాసు" అని నిజం చెప్పినా అర్థమవుతుంది, వాడే ఒక సీసా డబ్బాలో పడేసి టాటా చెప్పేలా చేసినా బాగుంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టకూడదో కూడా చెప్పాలి. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు, ఇల్లు మారే నెలలో, క్రెచ్‌లో కొత్తగా వేసిన వారంలో, రెండో బిడ్డ పుట్టబోతున్నప్పుడు వద్దు. చెన్నైలో మే నెల కత్తిరి వెయిల్‌లో కూడా నేనైతే మొదలుపెట్టను, ఆ ఎండల్లో పిల్లలు ఏదో ఒకటి తాగుతూ ఉండటమే ముఖ్యం. మధ్యలో ప్రయాణం వస్తే, మేం రెండో వారంలో పినాకినిలో నెల్లూరు వెళ్ళాం, మూడు గంటల ప్రయాణమే కదా అని స్ట్రా కప్పు ఒక్కటే పెట్టుకున్నాను, గూడూరు రాకముందే వాడి ఏడుపుకి బోగీ అంతా లేచింది. ఎదురు సీటు ఆవిడ తన పాప సీసా ఇవ్వబోయింది, మొహమాటంగా వద్దన్నాను. ఊళ్ళో రెండు రోజులు వెనక్కి జారాం, తిరిగొచ్చాక మళ్ళీ ఆగిన చోటు నుంచే మొదలుపెట్టాం, మొదటి నుంచి కాదు. జారినా పర్వాలేదు, జారిన సీసా ఒక్కటే, తీసేసిన మిగతావి వెనక్కి రానివ్వకండి.

వీటికి మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళండి: 8 గంటలపాటు ఒంటికి పోయకపోతే, పెదవులు ఎండి ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే, మగతగా పడి ఉంటే వెంటనే. నీళ్ళు తాగినా ప్రతి గుక్కకీ పొలమారుతుంటే, బరువు తగ్గుతుంటే కూడా చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, అంగిలి చీలిక ఉన్నవాళ్ళు, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు అయితే మొదలుపెట్టే ముందే అడగండి.

సీసాలన్నీ అయిపోయాక ఇంట్లో ఉంచకండి, ఉంటే ఏదో ఒక జ్వరం రాత్రి మీ చెయ్యే అల్మారా వైపు వెళ్తుంది. పీకలు ఎవరికీ ఇవ్వకుండా పారేయండి. మా ఇంట్లో గాజుది ఒక్కటి మిగిలింది, పీక తీసేసి మూత బిగించి దోసెలకి నువ్వులనూనె పోసి పెట్టుకున్నాను. దాని మీద 240 దాకా గీతలున్నాయి కాబట్టి వారానికి ఎంత నూనె అవుతోందో ఇప్పుడు సరిగ్గా తెలుస్తోంది.